ఇంటి దొంగ: కాపలా పోయిన రక్తం కథ

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక నంబర్‌తో మొదలుపెడతాను. 0.1.

నేను ఇంకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మా బాబాయికి బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. ఎముక మజ్జ మార్పిడి చేయాలన్నారు. దానికి ముందు ఒళ్ళంతా రేడియేషన్ ఇచ్చారు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే బ్లడ్ రిపోర్ట్ వచ్చేది. మా పిన్ని అందులో ఒక్క లైనే చూసేది, తెల్ల రక్తకణాల లైను. మామూలు మనిషికి ఒక మైక్రోలీటర్ రక్తంలో 4,000 నుంచి 11,000 దాకా ఉంటాయి. రిపోర్టులో దాన్నే వేలల్లో, అంటే 4 నుంచి 11 అని రాస్తారు. బాబాయికి 0.1 అని వచ్చింది. అంటే వంద!

పువ్వులు తేవద్దన్నారు. పచ్చి కూరగాయలు వద్దన్నారు. మాస్క్ లేకుండా గది గడప తొక్కనివ్వలేదు. నేను డాక్టర్ గారిని అడిగాను, "బయట నుంచి ఏ క్రిమీ రాకుండా ఇంత జాగ్రత్తగా ఉన్నాం కదా సార్, ఇంకా ఎందుకు భయం?" అని. ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ నాకు గుర్తుంది. "బయట నుంచి వచ్చేవాటి కన్నా ఆయన పొట్టలో ఆల్రెడీ ఉన్నవాటికే నేను ఎక్కువ భయపడతాను బాబూ" అన్నారు.

మన పెద్దవాళ్ళు అంటారు కదా, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని. ఆ మాట వెనక ఇంత పెద్ద చరిత్ర ఉందని అప్పుడు నాకు తెలియదు. ఈరోజు ఆ చరిత్రే చెప్పుకుందాం. చివరిలో నేను చేసిన ఒక తప్పు కూడా చెప్తాను. అది మీకు పనికొస్తుంది, వీడియో మధ్యలో వెళ్ళిపోకండి.

ముందు, అసలు రక్తంలో కాపలా అంటే ఏంటి?

1880లలో ఇటలీలోని మెస్సీనా ఊళ్ళో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఉండేవాడు. సముద్రంలో దొరికే నక్షత్ర చేప పిల్లలు గాజులా పారదర్శకంగా ఉంటాయి. వాటి ఒంట్లోకి సన్నని ముల్లు గుచ్చి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. కదిలే కణాలు వచ్చి ఆ ముల్లు చుట్టూ మూగాయి. ఒంట్లోకి వచ్చిన పరాయివాటిని మింగేసే కణాలు ఉంటాయనే ఆలోచన అక్కడి నుంచి పుట్టింది. మన రక్తంలో ఆ పని ముందుండి చేసేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు.

అదే కాలంలో ఇంకొంతమంది వేరే విషయం పట్టుకున్నారు. కణాలన్నీ తీసేసి మిగిలిన పసుపుపచ్చ ద్రవం, అంటే సీరం, అది కూడా బాక్టీరియాను చంపుతోంది! బెల్జియంకి చెందిన జూల్ బోర్డే దీని మీద చాలా పనిచేశాడు. ఇప్పుడు మనం దాన్ని కాంప్లిమెంట్ వ్యవస్థ అంటున్నాం. మెచ్నికోవ్‌కి 1908లో, బోర్డేకి 1919లో నోబెల్ వచ్చింది. అంటే మన రక్తానికి కాపలా రెండు రకాలు. ఒకటి కణాలు, రెండోది ద్రవం.

ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. న్యూట్రోఫిల్ రక్తంలో తిరిగేది కొన్ని గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు. అందుకే మన ఎముక మజ్జ రోజుకి సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారుచేస్తూనే ఉండాలి. ఈరోజు డ్యూటీలో ఉన్నవాళ్ళు రేపు ఉండరు. రోజూ కొత్త బ్యాచ్ రావాల్సిందే.

రేడియేషన్ దెబ్బ పడేది సరిగ్గా ఇక్కడే. విభజన చెందుతున్న కణాలకి రేడియేషన్ అంటే చాలా ప్రమాదం. పూర్తిగా ఎదిగిన న్యూట్రోఫిల్ ఇక విభజన చెందదు కాబట్టి చాలావరకు తట్టుకుంటుంది. కానీ మజ్జలో దాన్ని పుట్టించే మూలకణం చచ్చిపోతుంది. అంటే డ్యూటీలో ఉన్న వాచ్‌మన్‌కి ఏమీ కాలేదు, వాళ్ళని పంపించే ఆఫీసు కాలిపోయింది. మొదటి రోజు ఎవరికీ తేడా తెలియదు. తర్వాత తెలుస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. రోంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టింది 1895లో. 1903 నుంచి 1905 మధ్యలోనే జర్మనీలో హెర్మన్ హైనెకె అనే డాక్టర్ జంతువుల మీద ఎక్స్‌రేలు వేసి, ప్లీహం, లింఫ్ గ్రంథులు, ఎముక మజ్జ దెబ్బతింటున్నాయని రాశాడు. అంటే అణుబాంబుకి నలభై ఏళ్ళ ముందే ఈ సంగతి కాగితం మీద ఉంది. మనిషి మీద అది ఎలా ఉంటుందో లోకం చూసింది మాత్రం 1945లో.

1945 ఆగస్టు 6, పొద్దున 8:15. హిరోషిమా.

ఆ ఊళ్ళో కమ్యూనికేషన్స్ హాస్పిటల్ డైరెక్టర్ డాక్టర్ మిచిహికో హచియా. ఒళ్ళంతా గాయాలతో తన హాస్పిటల్‌కే పేషెంట్‌గా చేరాడు. మంచం మీద నుంచే డైరీ రాయడం మొదలుపెట్టి సెప్టెంబర్ చివరి దాకా రాశాడు. చాలామందికి రక్త విరేచనాలు అవుతుంటే మొదట అది అంటువ్యాధి అనుకుని వాళ్ళని వేరుగా పెట్టించాడు. ఆ టైంలో ఏ డాక్టరైనా అలాగే అనుకుంటాడు. పేలింది ఏ రకం బాంబో ఎవరికీ తెలియదు కదా.

రెండు వారాలు గడిచాయి. కాలిన గాయాల వాళ్ళు కొందరు కోలుకుంటున్నారు. కానీ ఒంటి మీద చిన్న గీత కూడా లేనివాళ్ళు మంచం పట్టడం మొదలైంది. జుట్టు ఊడిపోతోంది. చర్మం మీద చిన్న చిన్న ఎర్ర మచ్చలు. చిగుళ్ళు, గొంతు పుండ్లు పడి కుళ్ళుతున్నాయి. తీవ్రమైన జ్వరం. తర్వాత చావు.

హాస్పిటల్‌లో ఉన్న మైక్రోస్కోప్‌లు పేలుడులో పాడైపోయాయి. ఆగస్టు మూడో వారంలో టోక్యో నుంచి ఒకటి వచ్చింది. అప్పుడు రక్తం తీసి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. వేలల్లో ఉండాల్సిన తెల్ల కణాలు బాగా తక్కువగా ఉన్నాయి. బాంబు పడిన చోటుకి దగ్గరగా ఉన్నవాళ్ళకి మరీ తక్కువ. విషవాయువు కాదు, అంటువ్యాధి కాదు. రక్తం తయారయ్యే చోటే దెబ్బ తగిలింది.

టోక్యోలో అదే సమయంలో ఇంకొక కేసు. మిదోరి నాకా, 36 ఏళ్ళ నాటక నటి. నాటక బృందంతో హిరోషిమా వెళ్ళి, బాంబు పడ్డప్పుడు అక్కడే ఉంది. కూలిన ఇంట్లోంచి బయటపడి, ఎలాగో రైలెక్కి టోక్యో చేరింది. ఆగస్టు 16న యూనివర్సిటీ హాస్పిటల్‌లో చేర్చారు. ఆమెను చూసినవాళ్ళలో ప్రొఫెసర్ మసావో త్సుజుకి ఒకరు. విచిత్రం ఏంటంటే, ఆయన 1920లలో అమెరికాలో ఉన్నప్పుడు కుందేళ్ళ మీద ఎక్స్‌రేలు వేసి ఏం జరుగుతుందో చదివినవాడు. అప్పుడు కుందేలులో చూసింది, ఇరవై ఏళ్ళ తర్వాత ఒక మనిషిలో చూశాడు. మిదోరి నాకా తెల్ల కణాలు వందల్లోకి పడిపోయాయి. ఆగస్టు 24న చనిపోయింది. అణుబాంబు రేడియేషన్ వల్ల అని డాక్టర్లు అధికారికంగా నమోదు చేసిన తొలి మరణం ఆమెదేనని చెబుతారు.

ఇప్పుడు మీకు ఒక డౌట్ రావాలి. తెల్ల కణాలు తగ్గితే తగ్గాయి. మరి చంపింది ఎవరు?

ఈ ప్రశ్నకి గట్టి జవాబు 1950లో చికాగో యూనివర్సిటీ నుంచి వచ్చింది. ఫిలిప్ మిల్లర్, ఆయన టీమ్ ఎలుకల ఒంటి మీద రేడియేషన్ వేసి, రోజులు గడిచేకొద్దీ రక్తాన్ని కల్చర్ చేశారు. కల్చర్ అంటే రక్తంలో బాక్టీరియా ఉందేమో పెంచి చూడటం. ఎలుకలు ఎక్కువగా చచ్చిపోయే రోజుల్లోనే వాటి రక్తంలో బాక్టీరియా దొరికింది. ఏ బాక్టీరియా? చాలావరకు పేగుల్లో మామూలుగా ఉండేదే! ల్యాబ్‌లో ఎవరో అంటించింది కాదు. పుట్టినప్పటి నుంచి కడుపులో అద్దెకున్నదే.

అదెలా కుదిరిందంటే, పేగు లోపలి పొర కణాలు కూడా వేగంగా విభజన చెందేవే. రేడియేషన్‌కి ఆ గోడ పల్చబడింది. అటు కాపలా కణాలూ లేవు. గోడకి కన్నం, గేటు దగ్గర మనిషి లేడు. ఇంకేం కావాలి? అదే టీమ్ ఇంకో పని చేసింది. రేడియేషన్ పడిన ఎలుకలకి స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చింది. చావులు తగ్గాయి. గమనించండి, యాంటీబయాటిక్ రేడియేషన్‌ని ఏమీ చేయలేదు. మజ్జని బాగుచేయలేదు. కొత్త కాపలా వచ్చేదాకా టైం సంపాదించి పెట్టింది, అంతే.

తర్వాత కాలంలో అసలు ఏ క్రిమీ లేకుండా పెంచిన ఎలుకల మీద కూడా పరీక్షలు చేశారు. అదే డోసు రేడియేషన్‌కి అవి మామూలు ఎలుకల కన్నా ఎక్కువ రోజులు బతికాయి. ఇంట్లో దొంగే లేకపోతే కాపలా లేకున్నా కొన్నాళ్ళు గడుస్తుంది.

ఇక్కడ మన తెలుగువాడి ప్రస్తావన రావాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో పరిశోధనకి నాయకత్వం వహించేవారు. ఆయన డైరెక్టర్‌గా ఉన్నప్పుడే అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటి మందు. 1948లో లోకానికి ప్రకటించారు. సుబ్బారావు గారు అదే ఏడాది ఆగస్టులో పోయారు. ఆ తర్వాతి ఏళ్ళలో రేడియేషన్ పడిన కుక్కలకి ఆరియోమైసిన్ ఇచ్చి చూసిన పరిశోధనలు వచ్చాయి. ఆయన చూడలేదు గానీ, ఈ కథలో ఆయన ల్యాబ్ మందు కూడా ఉంది.

సరే, కణాల సంగతి ఇది. మరి రెండో కాపలా, ఆ ద్రవం? దాని వెనక ఒక బాధాకరమైన కథ ఉంది.

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో లూయీ పిల్లెమర్ అనే శాస్త్రవేత్త 1954లో సీరంలో ఒక కొత్త ప్రోటీన్ ఉందని ప్రకటించాడు. పేరు ప్రొపర్డిన్. యాంటీబాడీలు లేకుండానే బాక్టీరియా మీద కాంప్లిమెంట్‌ని ఉసిగొల్పుతుందన్నాడు. మరుసటి సంవత్సరం ఆయన బృందమే, ఒళ్ళంతా రేడియేషన్ పడిన జంతువుల్లో ఈ ప్రొపర్డిన్ పడిపోతోందని చూపించింది. అంటే ద్రవం కాపలా కూడా సన్నగిల్లుతోందన్నమాట. పేపర్లలో పెద్ద వార్త. తర్వాత విమర్శలు మొదలయ్యాయి, అసలు అలాంటి ప్రోటీనే లేదు, అవి యాంటీబాడీలే అని. 1957లో పిల్లెమర్ చనిపోయాడు. ఆత్మహత్య అని తేల్చారు. 1960ల చివరి నుంచి వేరే ల్యాబ్‌లు ప్రొపర్డిన్‌ని శుద్ధి చేసి, అది నిజంగానే ఉందని నిరూపించాయి. ఈరోజు ఇమ్యునాలజీ పుస్తకాల్లో దానికి చోటుంది. ఆయన బతికుండి అది చూడలేదు. రేడియేషన్ జబ్బులో ప్రధాన దెబ్బ కణాలదే, అందులో అనుమానం లేదు. కానీ రక్తం అంటే కణాలే కాదని గట్టిగా చెప్పిన మనిషిని మర్చిపోవడం న్యాయం కాదనిపించి చెప్పాను.

ఇప్పుడు అసలు మలుపు. టైం సంపాదిస్తే సరిపోదు కదా, ఫ్యాక్టరీని మళ్ళీ నిలబెట్టాలి.

1949లో చికాగోలోనే లియాన్ జేకబ్‌సన్ ఎలుక ప్లీహానికి మాత్రం సీసం అడ్డుపెట్టి, మిగతా ఒళ్ళంతా ప్రాణాంతకమైన రేడియేషన్ వేశాడు. ఎలుకలు బతికాయి. 1951లో ఎగాన్ లారెంజ్ బృందం వేరే జంతువు మజ్జ ఎక్కించి కూడా బతికించవచ్చని చూపించింది. ఎలుకల్లో సరే, మనుషుల్లో?

1958 అక్టోబర్ 15. యుగోస్లావియాలో బెల్‌గ్రేడ్ దగ్గర వించా పరిశోధన కేంద్రంలో రియాక్టర్ అదుపు తప్పింది. ఆరుగురికి భారీగా రేడియేషన్ తగిలింది. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్ళు, మన వయసువాళ్ళే. వాళ్ళని విమానంలో పారిస్‌లోని క్యూరీ హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. డాక్టర్ జార్జ్ మాతే బృందం చూసింది. రక్తకణాలు పడిపోతున్నాయి. అప్పుడు ఐదుగురు పరాయి ఫ్రెంచివాళ్ళు తమ మజ్జ ఇవ్వడానికి ముందుకొచ్చారు. ఒక్కసారి ఆలోచించండి. అప్పటికి అలా పరాయివాళ్ళ మజ్జతో బతికి బట్టకట్టిన మనిషి లేడు. దాతకి ఏమవుతుందో కూడా గట్టిగా చెప్పలేని రోజులు. పేరు కూడా తెలియని వేరే దేశపు కుర్రాళ్ళ కోసం ఎముకల్లోకి సూదులు గుచ్చించుకున్నారు. ఆరుగురిలో ఒకరు చనిపోయారు, ఐదుగురు బతికారు. ఆ మజ్జ శాశ్వతంగా నిలబడలేదు, కొన్నాళ్ళకి వాళ్ళ సొంత మజ్జే లేచింది. మార్పిడి వల్లే బతికారా లేదా అని ఇప్పటికీ వాదన ఉంది. కానీ తలుపు తెరుచుకుంది. అమెరికాలో డొనాల్ థామస్ అదే దారిలో ఏళ్ళ తరబడి పనిచేసి, 1990లో నోబెల్ అందుకున్నాడు.

మజ్జ మార్పిడి అన్నిటికీ మంత్రం కాదని 1986లో చెర్నోబిల్ నేర్పింది. 134 మందికి తీవ్రమైన రేడియేషన్ జబ్బు వచ్చింది. మాస్కోలో 13 మందికి మజ్జ మార్చారు. ఎక్కువమంది దక్కలేదు, ఎందుకంటే చర్మం, పేగులు కూడా కాలిపోయిన ఒంటికి మజ్జ ఒక్కటే చాలదు. మొత్తం 28 మంది ఆ ఏడాదే ఆ జబ్బుతో చనిపోయారు. మరుసటి సంవత్సరం బ్రెజిల్‌లోని గొయానియాలో పాత హాస్పిటల్ మెషీన్ తుక్కు కింద విప్పితే సీసియం బయటపడి నలుగురు చనిపోయారు. అక్కడ మొదటిసారి, మజ్జని తట్టిలేపి తెల్ల కణాలు పుట్టించే మందుని రేడియేషన్ పేషెంట్లకి వాడారు. ఆ కుటుంబానికే చెందిన ఫిల్‌గ్రాస్టిమ్ అనే ఇంజెక్షన్‌కి 2015లో అమెరికా ప్రభుత్వం రేడియేషన్ జబ్బుకి కూడా అనుమతి ఇచ్చింది. మన హైదరాబాద్ కంపెనీలు కూడా ఆ మందు తయారుచేస్తున్నాయి.

ఇవన్నీ ఎక్కడో జరిగాయి అనుకోకండి. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌కి, ఒక యూనివర్సిటీ వేలంలో అమ్మేసిన పాత మెషీన్ వచ్చింది. అందులో కోబాల్ట్-60 ఉంది. విప్పినవాళ్ళకి ఏం విప్పుతున్నారో తెలియదు. ఒక కార్మికుడు చనిపోయాడు.

ఇక్కడ ఒక్క మాట, కామెంట్లలో అడుగుతారని ముందే చెప్తున్నా. ఫోన్ సిగ్నల్ ఈ రకం రేడియేషన్ కాదు, దానికి మజ్జ కణాల్ని ఇలా చంపే శక్తి లేదు. డాక్టర్ రాసిన ఛాతీ ఎక్స్‌రే డోసు కూడా ఈ కథలో ఉన్న డోసుల ముందు లెక్కలోకి రాదు. ఈ వీడియో చూసి ఎక్స్‌రే మానేయకండి.

ఇప్పుడు నా తప్పు.

పదహారో రోజు బాబాయి రిపోర్ట్‌లో 0.1 కాస్తా 0.4 అయింది. పిన్ని ఆ కాగితాన్ని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది, పెళ్ళి కార్డు పెట్టినట్టు. మజ్జ ఇచ్చిన మా నాన్న ఆ ఫొటోని చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. కొన్ని వారాలకి డిశ్చార్జ్ చేశారు. కౌంట్ ఇంకా తక్కువే ఉంది. వెళ్ళేటప్పుడు నర్సమ్మ మూడుసార్లు చెప్పింది, "జ్వరం వస్తే ఎంత రాత్రయినా వచ్చేయండి" అని.

పది రోజుల తర్వాత రాత్రి పదిన్నరకి బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్ నాన్నా, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందిరా, వంద దాటింది" అన్నాడు. నాకు మర్నాడు పొద్దున రిలీజ్ ఉంది, ల్యాప్‌టాప్ ముందు ఉన్నాను. "జ్వరం మాత్ర వేసుకో బాబాయ్, పొద్దున్నే తీసుకెళ్తాను" అన్నాను. తెల్లారేసరికి బీపీ పడిపోయింది. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నాడు. రక్తం కల్చర్‌లో వచ్చింది ఏంటో తెలుసా? పేగుల్లో ఉండే బాక్టీరియానే. మిల్లర్ టీమ్ ఎలుకల్లో చూసిన కథే, మా ఇంట్లో జరిగింది.

బాబాయి బతికాడు. ఇప్పుడు పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటూ నా వీడియోలకి వంకలు పెడుతున్నాడు. ఆ రాత్రి సంగతి ఎప్పుడూ ఎత్తడు. ఎత్తకపోవడమే నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

మామూలు మనిషికి జ్వరం అంటే ఒళ్ళు పోరాడుతోందని అర్థం. కౌంట్ లేని మనిషికి జ్వరం ఒక్కటే అలారం. చీము పట్టదు, వాపు పెద్దగా రాదు, ఎందుకంటే చీము కట్టడానికి కూడా ఆ తెల్ల కణాలే కావాలి. అలారం మోగితే మ్యూట్ చేసి పడుకున్నవాణ్ణి నేను. మీ ఇంట్లో, మీ వీధిలో కీమో జరుగుతున్నవాళ్ళు గానీ, మజ్జ మార్పిడి అయినవాళ్ళు గానీ ఉంటే, రాత్రి జ్వరం వస్తే పొద్దున దాకా ఆగొద్దు. మాత్ర వేసి చూద్దాం అనొద్దు. డాక్టర్‌కి ఫోన్ చేసి, బండి తీయండి.

హిరోషిమాలో గాయం లేకుండా పోయినవాళ్ళ రక్తం నుంచి, పారిస్‌లో పరాయివాళ్ళ కోసం ఎముక గుచ్చించుకున్నవాళ్ళ దాకా, ఇంతమంది నేర్పిన పాఠం ఈ ఒక్క వాక్యంలో ఉంది. నేను దాన్ని ఒక రాత్రి ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఈ వీడియోని మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. లైక్ కోసం కాదు, ఎవరికో ఒకరికి ఆ రాత్రి గుర్తొస్తుందని. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.